రాతి సింహం కొనాలంటే ముందు దాని కడుపు కింద చూడండి

గేటుకి అటొకటి ఇటొకటి చైనా రాతి సింహాలు పెట్టుకోవాలని ముచ్చటపడి దుకాణానికి వెళ్తే, అమ్మేవాళ్ళ నోట మొదట వచ్చే మాట "ఇది చింగ్ రాజుల కాలంనాటిదండీ" అని. ఆ మాట నిజమయ్యే అవకాశం చాలా తక్కువ అని ముందే మనసులో పెట్టుకుంటే సగం డబ్బు మిగిలినట్టే. 2007 నుంచి అమల్లో ఉన్న చైనా నిబంధనల ప్రకారం 1911 లోపు (చింగ్ పాలన ముగిసింది ఆ ప్రాంతంలోనే) తయారైన పురాతన వస్తువు ఏదీ దేశం దాటడానికి వీల్లేదు, 1949 లోపు వాటిలో కూడా చారిత్రకంగా విలువున్నవాటిని మామూలుగా దాటనివ్వరు. అంతకుముందే బయటికి వచ్చేసినవి, అంటే ఎప్పుడో యూరప్, అమెరికా వాళ్ళు ఓడల్లో తెచ్చుకున్నవి, ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి, కాదనను. అలాంటివాటికి పాత ఫొటోనో, వేలంపాట రసీదో, వీలునామా కాగితమో ఏదో ఒక ఆధారం ఉంటుంది. మరోపక్క హెబే రాష్ట్రంలోని చ్యూయాంగ్‌లో, ఫూజియాన్ తీరంలోని హుయీఆన్‌లో రాతిపని తరతరాల వృత్తి. అక్కడి కార్ఖానాల నుంచి కొత్త సింహాలు కంటైనర్లలో దేశదేశాలకీ వెళ్తుంటాయి. వాటిలో కొన్ని దారిలోనే "పాతబడిపోతాయి".

కొత్తవి కొనడంలో తప్పేమీ లేదు. చేత్తో చెక్కిన మంచి కొత్త సింహం, అనుమానంగా ఉన్న పాత సింహం పక్కపక్కన పెడితే నేను కళ్ళు మూసుకుని కొత్తదే తీసుకోమంటాను. కొత్తదానికి కొత్తదాని ధరే ఇవ్వాలి, అంతే. పాతది అని ఎక్కువ అడిగితే ఆ పాతదనం రాయి మీద కనపడాలి, కాగితం మీదా కనపడాలి. ఈ రెండూ చూడటం ఎలాగో చెప్తాను.

ముందు అసలు జత ఎలా ఉంటుందో తెలియాలి. అమ్మేవాళ్ళు ఫూ డాగ్ అని బోర్డు పెట్టినా అవి కుక్కలు కావు, సింహాలే. మగదాని కుడి పంజా కింద పట్టుబంతి, ఆడదాని ఎడమ పంజా కింద పిల్ల. రెండూ కలిస్తేనే జత. చైనాలో సింహాలు పుట్టవు. హాన్ రాజుల కాలంలో, క్రీ.శ. 87లో, పశ్చిమ దేశాల వాళ్ళు రాజుకి కానుకగా సింహాన్ని పంపినట్టు వాళ్ళ చరిత్రలో రాసుకున్నారు. చెక్కిన శిల్పుల్లో నూటికి తొంభైతొమ్మిది మంది బతికున్న సింహాన్ని చూసి ఉండరు, అందుకే ఆ ఉంగరాల జూలు, ఉబ్బిన కళ్ళు, నవ్వుతోందో గర్జిస్తోందో తెలియని నోరు. బౌద్ధంతోపాటు సింహం కూడా తూర్పుకి నడిచింది, మంజుశ్రీ బోధిసత్వుడికి వాహనం అయింది. మన అమరావతి స్తూపం ద్వారాల దగ్గర కూర్చున్న సింహాలు కూడా ఆ బౌద్ధ కుటుంబంలోవే.

జపాన్ గుడుల ముందుండే కొమాయినులని కూడా చైనావని అమ్ముతుంటారు. వాటిలో సాధారణంగా ఒకటి నోరు తెరిచి, ఒకటి మూసి ఉంటుంది, పంజా కింద బంతీ పిల్లా చాలావాటికి ఉండవు. అవి మంచివే, కానీ మీరు అడిగింది అవి కాదు కదా.

బేరానికి దిగే ముందు ఇంట్లో కూర్చుని ఒక పని చేయండి: బీజింగ్ పక్కనున్న లూగౌ వంతెన ఫొటోలు వెతికి తీరిగ్గా చూడండి. 1189లో మొదలుపెట్టి 1192లో పూర్తి చేసిన వంతెన అది, కటకటాల స్తంభాల మీద ఐదు వందల చిల్లర సింహాలున్నాయి, లెక్కపెట్టడం ఎవరివల్లా కాదని అక్కడ సామెతే ఉంది. విరిగినవాటి బదులు ఒక్కో కాలంలో కొత్తవి పెట్టుకుంటూ వచ్చారు కాబట్టి చిన్, యువాన్, మింగ్, చింగ్ రాజవంశాల నుంచి ఈమధ్య కాలం వరకూ అన్ని తీర్లూ ఒకేచోట దొరుకుతాయి. పాతవాటి మొహాలు అరిగిపోయి, ఒళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. తర్వాతివాటికి జూలు ఉంగరాలు వరసలుగా, మెడలో పట్టీ, గంట, రిబ్బన్లు. ఒక గంట వీటిని చూశాక, గంటా రిబ్బన్లూ ఉన్న సింహాన్ని చూపించి "తాంగ్ కాలం" (ఆ వంతెన కన్నా ఎంతో ముందుది) అనేవాడిని చూస్తే మీకే నవ్వొస్తుంది.

ఉత్తరాది సింహం, దక్షిణాది సింహం వేరు. ఉత్తరాన బీజింగ్ వైపువి బరువుగా, పెద్దరికంగా కూర్చుంటాయి, ఫాంగ్‌షాన్ గనుల తెల్లరాయి వాటికి పేరుపడ్డది. ఫూజియాన్ వైపువి గ్రానైట్‌వీ, నీలిబూడిద రంగు రాతివీ, ఒళ్ళు తిప్పి, తల వంచి చలాకీగా ఉంటాయి. వాటి నోట్లో చాలాసార్లు ఒక రాతి గుండు ఉంటుంది. వేలు పెట్టి కదిపితే దొర్లుతుంది కానీ పళ్ళ సందులోంచి బయటికి రాదు, ఎందుకంటే దాన్ని బయట చేసి లోపల పెట్టలేదు, అదే రాయిని నోట్లోనే చుట్టూ తొలిచి విడగొట్టారు. కొనేటప్పుడు ఈ గుండుని తప్పక తిప్పి చూడండి. రాతి రంగు, గింజ (రాతి రేణువుల తీరు) మిగతా ఒంటిలాగే ఉండాలి. వేరే రాయైతే పాతది పోయి కొత్తది జిగురుతో ఇరికించారన్నమాట.

ఇక అసలు పరీక్ష. మొహం చూడకండి. చెక్కేవాడైనా, మోసం చేసేవాడైనా ఎక్కువ శ్రద్ధ పెట్టేది మొహం మీదే. టార్చి తీసుకుని కింద కూర్చుని ముందు కాళ్ళ మధ్య నుంచి కడుపు కిందకీ, చెవుల వెనక్కీ, తోక మొదట్లోకీ వెలుతురు పక్క నుంచి పడేలా కొట్టండి. ఉలితో చెక్కిన చోట చిన్న చిన్న గుంటలు కనపడతాయి, ఒకటి లోతుగా, ఒకటి పైపైన, చెయ్యి ఎటు తిరిగితే అటు వాలి. గ్రైండర్ డిస్క్ పడిన చోట సన్నటి వంపు గీతలు ఒకదాని పక్కన ఒకటి సమానంగా ఉంటాయి. ఇంకో గుర్తు, జూలు ఉంగరాల మధ్య గాడి మూల దగ్గర చూడండి: ఉలి మూల దగ్గర ఆగుతుంది, డిస్క్ ఆగలేదు, అది గుండ్రటి చక్రం కాబట్టి మూల దాటి కాస్త ముందుకి జారి సన్నగా తేలిపోతుంది. ఆ జారిన గీతని తర్వాత ఎంత రుద్దినా పూర్తిగా పోదు. అది కనిపిస్తే "రెండు వందల ఏళ్ళు" అన్న మాట అక్కడితో అయిపోయింది, మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

ఆ తర్వాత అరుగుదల. వాన పైనుంచి పడుతుంది, ఇది మోసం చేసేవాళ్ళు తరచూ మర్చిపోయే సంగతి. నిజంగా బయట ఉన్న సింహానికి నెత్తి, వీపు, ముక్కు ఎక్కువ అరగాలి, గడ్డం కింద, కడుపు కింద ఉలి గుర్తులు ఇంకా పదునుగానే ఉండాలి. యాసిడ్ పోసో, ఇసుక కొట్టించో పాతబరిచినదాంట్లో కడుపు, వీపు ఒకేలా మెత్తబడి ఉంటాయి. అలాగే మనుషుల చేతులు. వీధిగుమ్మం దగ్గరున్న సింహాన్ని వచ్చేపోయే వాళ్ళు, పిల్లలు ఎక్కడ ముట్టుకుంటారో ఆలోచించండి: పిల్లసింహం తల, బంతి, పంజా, ముక్కు. అక్కడ నునుపు తేలి మెరవాలి, పక్కనే గరుకు ఉండాలి. ఎవరి చెయ్యీ చేరని చోట కూడా మెరుపుంటే అది పాలిష్.

మట్టి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. తడి దూదితో ఒక మూల రుద్దండి, గోళ్ళరంగు తుడిచే ద్రవంతో కనపడని చోట ఇంకోసారి రుద్దండి. దూదికి గోధుమరంగు ధారాళంగా అంటితే అది టీ డికాక్షనో, బూటు పాలిషో, ఇంకేదైనా రంగో. లైకెన్ అయితే ఇంకా మంచి సాక్షి. మనం మసాలాలో వేసే రాతిపువ్వు జాతిదే అది, రాతి మీద చాలా నిదానంగా గుండ్రంగా పాకుతుంది, రాతిని పట్టుకుని ఉంటుంది, గోటితో గీరితే అంత తేలిగ్గా ఊడదు. పెరుగు పూసి తెచ్చిన పచ్చటి పాచి రెండు మూడు వానల్లోనే వస్తుంది, వయసుకి అది రుజువు కాదు.

అసలు అది రాయేనా అన్నది కూడా చూసుకోవాలి, నవ్వకండి. రాతిపొడి, సిమెంటు కలిపి అచ్చులో పోసినవి దూరం నుంచి చూస్తే అచ్చం రాయిలాగే ఉంటాయి, బరువు కూడా గ్రానైట్‌కి కొంచెమే తక్కువ కాబట్టి ఎత్తి చూసినా తెలీదు. చెవి వెనక, కాలి పక్కన అచ్చు అతుకు గీత, అక్కడక్కడ గుండుసూది తలంత గాలి బుడగల గుంటలు ఉంటే పోత పోసినదే. పీఠం అడుగున ఒక చుక్క నిమ్మరసం వేస్తే పాలరాయి, సున్నపురాయి సన్నగా నురగ కక్కుతాయి, గ్రానైట్ కక్కదు. సిమెంటు కూడా కక్కుతుంది, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తేల్చుకోవద్దు. పైభాగంలో మాత్రం వేయకండి, పాలరాతి మీద మచ్చ ఉండిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పీఠాన్ని పక్కకి ఒరిగించి అడుగు చూపించమనండి. బరువు అని సాకు చెప్తే, మనుషుల్ని పెట్టి అయినా సరే ఒరిగించమనండి. పాత పీఠం అడుగు గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఎవరికీ కనపడని చోట నునుపు చెయ్యడానికి శిల్పికి ఏం పని? నేలలో దిగిన ఎత్తు వరకూ రంగు తేడా కూడా కనపడొచ్చు. అద్దంలా సాఫుగా రంపంతో కోసిన అడుగు ఉంటే రెండే అర్థాలు. ఒకటి, కార్ఖానాలో మిషన్ మీద కోసిన దిమ్మె నుంచి చెక్కిన కొత్త సింహం. రెండోది ఇంకా చెడ్డది. బీజింగ్ పాత వీధుల ఇళ్ళలో గుమ్మానికి రెండు పక్కలా ఒక్కో రాయి ఉంటుంది, దాని లోపలి సగంలో తలుపు తిరిగే గుంట, బయటి సగంలో డోలు ఆకారం, ఆ డోలు మీద చిన్న సింహం. ఆ సింహాన్ని ఒక్కదాన్నే కోసి అమ్ముకునేవాళ్ళున్నారు. అడుగున కొత్త తెల్లటి కోత, ఒళ్ళంతా నిజమైన పాతదనం కనిపిస్తే అది ఎవరి గుమ్మం నుంచో ఊడదీసినదని అనుమానించి వదిలేయండి, ఎంత చవగ్గా ఇచ్చినా సరే.

జతలో కూడా ఒక కిటుకు ఉంది. ఒంటరి సింహం కన్నా జతకి రెట్టింపు కన్నా ఎక్కువ ధర పలుకుతుంది కాబట్టి, వేరువేరు చోట్ల దొరికిన మగదాన్నీ ఆడదాన్నీ కలిపి పెళ్ళి చేసేస్తారు. పీఠాల కొలతలు టేపుతో కొలవండి, రాతి గింజ చూడండి, జూలు ఉంగరం ఎటు చుట్టుకుందో, రిబ్బను ముడి ఎలా వేశారో పోల్చండి. చేతిపని కాబట్టి చిన్న తేడాలు ఉండాలి, ఉంటేనే అందం. రెండూ మిల్లీమీటరు తేడా లేకుండా అద్దంలో బొమ్మల్లా ఉంటే కంప్యూటర్ మిషన్ చెక్కింది. జూలు ఉంగరాల వరసలు యజమాని హోదాని బట్టి ఉండేవని, మొదటి తరగతి అధికారికి పదమూడు, అక్కణ్ణుంచి ఒక్కో తరగతికి ఒక్కోటి తగ్గుతుందని, ఏడో తరగతి కింది వాళ్ళకి సింహాలే ఉండకూడదని చెప్తారు. వినడానికి బాగుంటుంది, దాన్ని చూపించి ధర పెంచితే మాత్రం ఒప్పుకోకండి.

పెద్ద జత పెట్టే చోటు లేనివాళ్ళకి నా ఓటు షాన్‌షీ రాష్ట్రంలోని సుయిదె సింహాలకి. షియాన్ నగరానికి ఉత్తరాన కొండ ఊళ్ళలో ఇటుకలతో కట్టి కింద మంట పెట్టి వెచ్చబరిచే మంచం లాంటి అరుగు మీద జానెడు రాతి సింహాన్ని ఉంచి, తాడు ఒక కొస దానికి, ఒక కొస పాకే పిల్లాడి నడుముకి కట్టి అమ్మలు పనికి వెళ్ళేవాళ్ళు. పిల్లాడు కింద పడకుండా బరువుకి బరువు, రక్షకి రక్ష. చెక్కింది పెద్ద శిల్పులు కాదు, ఊళ్ళో రాతిపనివాళ్ళు, అందుకే ఒక్కోదానికి ఒక్కో మొహం, కొన్ని కోతిలా, కొన్ని పక్కింటి తాతలా. తాడు దూరే సందు అంచులు లోపల నున్నగా అరిగి ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి, పదునుగా ఉంటే అది ఏ పిల్లాడినీ కాయలేదు. అదే రాష్ట్రంలో గుర్రాలు కట్టేసే రాతి గుంజలు కూడా ఉన్నాయి, మనిషిని మించిన ఎత్తు, తల మీద సింహమో, కోతో, సింహం మీద స్వారీ చేసే పరదేశి వాడో. తోటలో మూల నిలబెడితే బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఊళ్ళ నుంచి దొంగతనంగా పీకేసినవి వీటిలో ఉన్నాయి కాబట్టి కాగితాలు గట్టిగా అడగండి.

కాగితాలంటే, "గ్యారంటీ పాతది" అని దుకాణంవాడు ప్రింటు తీసి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. చైనా నుంచి పద్ధతిగా తనిఖీ అయి వచ్చిన పాత వస్తువు మీద ఎర్ర లక్క ముద్ర ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంకోటి గమనించాలి, చైనాతో 2009లో చేసుకున్న ఒప్పందం వల్ల 250 ఏళ్ళు దాటిన పెద్ద రాతి శిల్పాలు సరైన ఆధారాలు లేకుండా వస్తే కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు. ఇండియాలో అయితే 1972 పురావస్తువుల చట్టం ఉంది, వందేళ్ళు దాటిన శిల్పం ఇంట్లో ఉంటే ఆ చట్టం కిందికి రావచ్చు, తర్వాత పిల్లల దగ్గరికి విదేశం పంపుదామంటే కుదరదు. కొనే ముందే పురావస్తు శాఖ రిజిస్టరింగ్ ఆఫీసులో అడగడం మేలు. ఇక చెక్క పెట్టెలో విదేశం నుంచి తెప్పిస్తుంటే ఆ చెక్క మీద పురుగు శుద్ధి చేసినట్టు అంతర్జాతీయ ముద్ర ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే సింహం ఓడరేవులోనే కూర్చుంటుంది, అద్దె మీకు పడుతుంది.

ఇంటికి తేవడం తేలికనుకోకండి. గ్రానైట్ ఒక ఘనమీటరు రెండున్నర టన్నుల పైమాటే, మూడడుగుల సింహం ఒక్కోటి రెండు వందల యాభై కిలోల దరిదాపుల్లో ఉంటుంది. నలుగురు కుర్రాళ్ళు చాలు అనుకుంటే నడుములు పోతాయి. మన ఊళ్ళలో అయితే హైడ్రా క్రేన్ పిలవండి, లేదా చైన్ పుల్లీ, వెడల్పాటి నైలాన్ బెల్టులు వాడండి. బెల్టు పీఠం కింద నుంచి వెయ్యాలి, మెడకి కాదు, చెవులు, తోక, బంతి పట్టుకుని ఎవర్నీ లాగనివ్వద్దు. బాల్కనీలో పెడదామనుకునేవాళ్ళు ఆగండి: మామూలు ఇంటి స్లాబుని చదరపు మీటరుకి సుమారు రెండు వందల కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు, ఈ సింహం ఆ బరువంతా జంపఖానా మడతంత చోట పెడుతుంది. ఇంజనీర్‌ని అడక్కుండా పైకి ఎక్కించొద్దు.

నేల మీద అయితే పీఠం కన్నా అరడుగు ఎక్కువ వెడల్పుతో తవ్వి, కంకర పరిచి దిమ్మిస కొట్టి, దాని మీద నాలుగైదు అంగుళాల కాంక్రీటు పోసి ఆరనివ్వండి, నీళ్ళు నిలవకుండా కాస్త బయటికి వాటం ఉండాలి. రాయికీ కాంక్రీటుకీ మధ్య తడి పైకి పీల్చకుండా ఒక పొర వేయండి, ముఖ్యంగా ఇసుకరాయికి, పాలరాతికి. సిమెంటుతో అతికించెయ్యకండి, రేపు ఇల్లు మారితే పీఠం పగలగొట్టాల్సి వస్తుంది.

పెట్టే పద్ధతి: ఇంట్లోంచి బయటికి చూస్తూ నిలబడితే మగది మీ ఎడమ చేతి వైపు, ఆడది కుడి చేతి వైపు. బయట నుంచి వచ్చేవాళ్ళకి ఇది తారుమారుగా కనిపిస్తుంది, అక్కడే అందరూ పొరబడతారు. మొహాలు వీధి వైపుకే ఉండాలి, ఇంటి వైపుకి కాదు. సింహద్వారం దగ్గర వాస్తు సిద్ధాంతి ఒకటి చెప్తాడు, ఫెంగ్‌షుయ్ ఆయన ఇంకొకటి చెప్తాడు. వస్తువు చైనాది కాబట్టి చైనా పద్ధతే నాకు సబబుగా అనిపిస్తుంది, మీ ఇంట్లో పెద్దవాళ్ళతో గొడవైతే మాత్రం నన్ను లాగకండి.

తర్వాత సంరక్షణ అంటే చాలావరకు ఏమీ చెయ్యకపోవడమే. మెత్తటి బ్రష్, మామూలు నీళ్ళు, ఏడాదికి ఒకసారి. కారు కడిగే ప్రెషర్ గన్ వద్దు, బాత్రూం యాసిడ్ అసలే వద్దు, పాలరాయి పైపొర కరిగి చక్కెర పలుకుల్లా రాలడం మొదలవుతుంది. మెరవాలని సీలర్ కొట్టించడం ఇసుకరాతికి ప్రాణాంతకం, లోపలి తడి బయటికి రాలేక పొరలు పొరలుగా ఊడుతుంది. పండక్కి పసుపు కుంకుమ పెట్టకుండా అమ్మని ఆపలేకపోతే గ్రానైట్‌దే కొనండి, లేత రంగు రాతిలోకి పసుపు ఇంకితే మళ్ళీ రాదు. న్యూజెర్సీ, చికాగో లాంటి మంచు ఊళ్ళలో రాతి పగుళ్ళలో చేరిన నీళ్ళు గడ్డకట్టి దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, చెవులు, పళ్ళు ఊడేది అప్పుడే. నవంబరులో గాలి ఆడే గుడ్డతో కప్పండి, ప్లాస్టిక్ పట్టాతో బిగించి కట్టొద్దు, మంచు కరగడానికి వేసే ఉప్పు దాని దగ్గర చల్లొద్దు.

ఎప్పుడైనా ముక్క ఊడితే ఫెవిక్విక్ కోసం పరిగెత్తకండి. ముక్కని కడక్కుండా మెత్తటి గుడ్డలో చుట్టి, ఎక్కడిదో చీటీ రాసి దాచి, రాతి శిల్పాలు బాగుచేసే వాళ్ళకి చూపించండి. ఒకసారి జిగురు పూసిన అంచు మళ్ళీ సరిగ్గా అతకదు.